పాత నూనె వాసన

మార్చి 4, బుధవారం

అత్తయ్య ఈరోజు కూడా ఒక్క గుక్క కాఫీ తాగి కప్పు పక్కన పెట్టేశారు.

"పాత నూనె వాసనొస్తోంది. కాఫీ మిషన్ సరిగ్గా కడగట్లేదా అమ్మాయ్?" అన్నారు. అడిగినట్టు లేదు, తేల్చి చెప్పినట్టుంది. వరసగా ఇది నాలుగో రోజు.

ఎవరితో చెప్పుకోను? మా ఆయన వంతెన పని మీద వెళ్లి నెల దాటింది. ఫోన్‌లో చెబితే "మీరూ మీరూ చూసుకోండి" అంటారు. మా అమ్మాయి పిచ్చుకకి చెబితే నవ్వుతుంది. అందుకని నేను పనిచేసే కళ్లద్దాల షాపులో కొలతలు రాసుకునే పాత పుస్తకం సగం ఖాళీగా కనిపిస్తే తీసుకున్నాను. మధ్యాహ్నం తలుపు దగ్గరగా వేసి అన్నం తినే అరగంట నాది. అందులో పది నిమిషాలు దీనికి.

అన్నది ఇంకెవరైనా అయితే పట్టించుకునేదాన్ని కాదు. ముప్ఫయ్యొక్క ఏళ్లు కాఫీ కంపెనీలో రుచి చూసి తేల్చే ఉద్యోగం చేసిన మనిషి. అక్కడ ఆవిడ అసలు పేరు ఎవరికీ గుర్తు లేదు. అందరికీ 'ముక్కుగారు'. ఆవిడ వద్దంటే లారీ లారీ గింజలు వెనక్కి పోయేవి.

అలాంటి ముక్కు వాసనొస్తోందంటే వస్తున్నట్టే. నేనే ఎక్కడో కడగలేదు.


మార్చి 5, గురువారం

పొద్దున్నే లేచి నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లు మిషన్ తొట్టిలో పోసి సగం వదిలాను. ఇరవై నిమిషాలు ఆపి మిగతా సగం వదిలాను. మా కుళాయి నీళ్లకి సున్నం ఎక్కువ. గొట్టాల్లో పేరుకున్నదంతా తెల్లగా, పలుకులు పలుకులుగా దిగింది. తర్వాత మూడు తొట్లు మంచినీళ్లు.

కాఫీ చేసి ఇచ్చాను. కప్పు ముక్కు దాకా వెళ్లింది. అక్కడే ఆగింది.

"ఇంకా అలాగే ఉంది."


మార్చి 6, శుక్రవారం

ఇంకా అలాగే ఉందట.


మార్చి 8, ఆదివారం

పిచ్చుకా నేనూ కలిసి గింజలు మర పట్టే గ్రైండర్ విప్పాం. సున్నం కాకపోతే ఇక నూనే. కాఫీ గింజలో నూనె ఉంటుంది, మర బిళ్లల సందుల్లో పేరుకుంటుంది, నిలవుంటే కంపు కొడుతుంది. ఇదంతా నాకు నేర్పింది అత్తయ్యే.

"అమ్మా, వీడియోలో ఒకాయన గుప్పెడు బియ్యం వేసి తిప్పితే చాలంటున్నాడు" అంది పిచ్చుక.

ముందుగదిలోంచి కేక వినిపించింది. "బియ్యం వేస్తే ఆ మర ఇక పిండికే పనికొస్తుంది! బ్రష్షు పెట్టి తోమండే!"

పిచ్చుక నా వైపు చూసి, "ముక్కే కాదు, చెవులూ కంపెనీవే" అని గొణిగింది. ఇద్దరం నవ్వు ఆపుకోలేకపోయాం. చాలా రోజులైంది అలా నవ్వి.

బిళ్లలు తోముతుంటే ఈ ఇంట్లో నా మొదటి పొద్దు గుర్తొచ్చింది. పెళ్లై వచ్చిన మర్నాడు. అప్పటికింకా ఈ మిషన్ లేదు. అత్తయ్య ఆఫీసుకి తయారై, గుమ్మం దాటబోతూ నా పక్కన ఒక్క క్షణం ఆగారు.

"మీ ఇంట్లో బట్టల బీరువాలో కలరా ఉండలు వేస్తారా?"

సిగ్గుతో చచ్చిపోయాను. అవునన్నట్టు తలూపాను.

"ఏం పర్లేదు. రెండు రోజులు ఎండలో ఆరేయి. ఈ ఇంట్లో సెంటూ, పౌడరూ, వాసన సబ్బులూ ఉండవు. అలవాటవుతుందిలే."

ఇరవై రెండేళ్లైంది. ఇప్పుడు నాకు బస్సులో పక్కవాళ్ల పౌడరు వాసన కూడా తలనొప్పి.

ఆవిడ రిటైరైన వారంలో మామయ్యగారు ఈ మిషన్ పట్టుకొచ్చారు. పెట్టె విప్పుతూ ఆయన అన్నమాట ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటాం: "ముప్ఫయ్యొక్క ఏళ్లు ఊరందరి కాఫీ నోట్లో పోసుకుని ఉమ్మేశావు. ఇకనైనా మింగవే!" ఆయనున్నన్నాళ్లూ పొద్దున్న కాఫీ ఆయన చేతిదే. పాలు కాచే ఆవిరి గొట్టాన్ని, వాడగానే వేడిమీదే తుడిచేసేవారు. "ఆరాక తుడవడం అంటే పోయాక పలకరించడమే" అనేవారు. ఆయన పోయి ఎనిమిదేళ్లు. అప్పట్నుంచి తుడిచే గుడ్డ నా చేతికొచ్చింది. ఒక్కరోజు కూడా ఆరనివ్వలేదు. అది మాత్రం నిజం.

సాయంత్రం కొత్త పొడితో కాఫీ. అత్తయ్య వాసన చూసి, "మరలో కాదు, లోపలెక్కడో ఉంది" అన్నారు.


మార్చి 10, మంగళవారం

మిషన్ల మెకానిక్‌ని పిలిపించాను. తల దగ్గరి రబ్బరు వాషరు మార్చాడు. జల్లెడ రేకు విప్పి వెలుగులో పెట్టి చూశాడు. తిప్పి ఇంకోసారి చూశాడు.

"అమ్మా, ఇరవై ఏళ్లుగా ఇదే పని నాది. ఇంత శుభ్రంగా ఉన్న మిషన్ నేను షోరూంలో కూడా చూడలేదు. నన్నెందుకు పిలిచారు?"

ఆ మాట అత్తయ్య చెవిన పడేట్టే అన్నాడు. ఆవిడ పేపర్లోంచి తలెత్తకుండా, "అతనికేం తెలుసు" అన్నారు.

అంతలో ఆవిడ ఫోన్ మోగింది. కంపెనీ నుంచి శిష్యురాలు. అత్తయ్య దగ్గర పని నేర్చుకుని, ఇప్పుడు ఆ గదికి తనే పెద్దైన అమ్మాయి. కొత్తగా ముగ్గుర్ని తీసుకున్నారు, ఇరవై ఎనిమిదో తారీకున వచ్చి వాళ్ల చేత రుచి చూపించి నాలుగు మాటలు చెప్పాలి. జనవరిలోనే ఒప్పుకున్న పని. మధ్యలో అత్తయ్యకి రెండు వారాలు జలుబూ జ్వరం వచ్చి లేచారు కదా, అందుకని మళ్లీ అడుగుతోంది.

"వస్తాను. ఎందుకు రాను?" అన్నారు అత్తయ్య. గొంతు మామూలు కంటే ఒక మెట్టు పైకి ఉంది.

నాకు కోపం లేదు. ఆవిడ మెకానిక్‌ని అన్నారు, నన్ను కాదు.


మార్చి 13, శుక్రవారం

మూడు రోజులుగా అత్తయ్య వేడినీళ్లు తాగుతున్నారు. కాఫీ మాటే లేదు. పొద్దున్న మా ఆయనతో ఫోన్‌లో అంటుంటే విన్నాను. "మీ ఆవిడకి పాపం ఓపిక తగ్గిందిరా. ఇల్లూ షాపూ, ఎంతని చేస్తుంది. మిషన్ సంగతి నేనేం అనట్లేదు."

అనట్లేదట!

నాకు కోపం లేదు. ఇది కోపం కాదు. కానీ ఒక్కటి రాసుకుంటాను. ఇరవై రెండేళ్లు నేను వండిన ప్రతి గిన్నె మూత ముందు ఆ ముక్కు తీసింది. ఉతికిన దుప్పటి, తుడిచిన ఫ్రిజ్, కడిగిన గ్లాసు, అన్నిటికీ ఆ ముక్కు ముద్ర పడాలి. పాసయ్యానో ఫెయిలయ్యానో మొహం చూసి తెలుసుకునేదాన్ని. ఇప్పుడు పన్నెండు రోజులుగా వరసగా ఫెయిల్. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు... ఛ. ఏం రాస్తున్నాను.


మార్చి 14, శనివారం

నిన్న రాసింది కొట్టేద్దామని పుస్తకం తెరిచాను. చెయ్యి ఆడలేదు. ఉండనీ.

కానీ ఉన్నమాట అంతా రాయాలి కదా. మా అమ్మ జబ్బుపడ్డ ఏడాది. పిచ్చుకకి మూడేళ్లు, ఇల్లు నా మీదే. రోజూ షాపు నుంచి కాస్త ముందు బయటపడి, ఆస్పత్రికెళ్లి, అమ్మని చూసి, ఏమీ ఎరగనట్టు ఇంటికొచ్చేదాన్ని. చెబితే ఎక్కడ బరువవుతానో అని భయం. నాలుగో రోజు వంటగదిలో అత్తయ్య నా వెనక నిలబడి, "ఆస్పత్రిలో ఎవరున్నారు?" అన్నారు.

గరిటె తిప్పుతూనే ఉన్నాను.

"నీ జుట్టు నిండా ఆస్పత్రి ఫినాయిలే. ఎవరమ్మా?"

చెప్పాను. ఆవిడ ఇంకేం అడగలేదు. లోపలికెళ్లి నా బట్టలు నాలుగు సంచిలో సర్ది తెచ్చి చేతిలో పెట్టారు. "వెళ్లి మీ అమ్మ దగ్గరుండు. ఎన్నాళ్లైతే అన్నాళ్లు. పిల్ల సంగతి నాకొదిలెయ్." పదకొండు రోజులు ఆవిడ ఆఫీసుకి సెలవు పెట్టారు. ఆ పదకొండు రోజులే అమ్మ నాకు మిగిలింది.

దాన్ని కూడా అదే ముక్కు పట్టింది.


మార్చి 17, మంగళవారం

షాపుకి ఒక పెద్దాయన వచ్చాడు. బస్సు డ్రైవరుగా రిటైరయ్యాడు. కూతురు వెంటబెట్టుకొచ్చింది. కుర్చీలో కూర్చోబెట్టి గోడమీది అక్షరాల అట్ట చదవమంటే గడగడా కింది వరస దాకా చదివేశాడు. కూతురు సంతోషపడి ఫోన్ మాట్లాడుకుంటూ బయటికెళ్లింది.

నాకేదో అనుమానం వచ్చింది. మరీ తడుముకోకుండా చదివాడు. లేచి అట్ట మార్చి, ఇంకోటి తగిలించాను. "మళ్లీ చదవండి బాబాయ్‌గారూ" అన్నాను. పాత అట్టే చదివాడు. అవే అక్షరాలు, అదే వరస, అదే ధీమా.

నేను నవ్వబోయాను. ఆయన మొహం చూసి ఆగిపోయాను.

"పట్టేశావు" అన్నాడు. "నాలుగేళ్లుగా ఇదే అట్ట తల్లీ, ప్రతి షాపులోనూ. బండి నడపనివ్వరని బట్టీ పట్టాను. ఇప్పుడు బండీ లేదు, ఏమీ లేదు. అయినా నోరు అదే చదువుతోంది. మా అమ్మాయికి చెప్పకు."

చెప్పనన్నాను. అద్దాలు రాసిచ్చాను. ఆయన వెళ్లిపోయాక ఆ కుర్చీలో నేనే కూర్చున్నాను చాలాసేపు.

ఏమీ అనుకోలేదు. అలసిపోయానంతే.


మార్చి 18, బుధవారం

పొద్దున్న పొయ్యి మీద పాలు పెట్టి స్నానానికెళ్లాను. బయటికొచ్చేసరికి ఇంటినిండా మాడు వాసన. పరుగెత్తాను. గిన్నె అడుగు నల్లబడి పొగలేస్తోంది. పొయ్యికి మూరెడు దూరంలో కుర్చీ. ఆ కుర్చీలో పొయ్యికి వీపు పెట్టి, పేపరు చదువుకుంటూ అత్తయ్య.

"అత్తయ్యా! పాలు!"

ఆవిడ ఉలిక్కిపడి వెనక్కి తిరిగారు. పొగ చూశారు. ఆ తర్వాత, మొహం సర్దుకుని, "ఆఁ, చూస్తూనే ఉన్నా. నువ్వొస్తావు కదాని..." అన్నారు.

బట్టీ పట్టిన అట్ట.

షాపుకి సెలవు పెట్టాను. అత్తయ్య గదిలోకి వెళ్లాక రెండు కప్పుల కాఫీ చేశాను. ఒకటి నిన్న తెచ్చిన గింజలతో. ఇంకోటి అలమరా వెనక ఏడాది నుంచి మూత ఊడి పడున్న పొడితో. రెండూ ఒకేలా కనబడేట్టు పైన నురగ సర్దాను. అట్ట మారుస్తున్నాను అన్నమాట. ట్రేలో పెట్టుకుని గుమ్మం దాకా వెళ్లాను. ఆవిడ మంచం అంచున కూర్చుని ఉన్నారు. చేతిలో మామయ్యగారి పాత మఫ్లరు. దాన్ని ముక్కుకి ఆనించుకుని, కళ్లు మూసుకుని, గట్టిగా, పదే పదే పీలుస్తున్నారు. అందీ అందని దాన్ని లాక్కుంటున్నట్టు.

వెనక్కొచ్చి రెండు కప్పులూ సింకులో పోసేశాను. ఖాళీ చేతుల్తో వెళ్లి పక్కన కూర్చున్నాను.

"ఎప్పట్నుంచి అత్తయ్యా?"

మఫ్లరు మడత పెట్టారు, విప్పారు, మళ్లీ పెట్టారు.

"జ్వరం తగ్గినప్పట్నుంచి. మొదట ఏమీ లేదు. గోడకి ముక్కు ఆనించినట్టు. తర్వాత ఒకే ఒక్క వాసన వచ్చింది. మాడిన పాత నూనె. అదీ కాఫీ దగ్గరికెళ్తేనే. లోకంలో ఇన్ని ఉండగా చూడు, కాఫీ దగ్గరే!"

"మాకు చెప్పొచ్చు కదా."

"ఏమని చెప్పను? ముసలిదాన్ని. వంట నువ్వు చేస్తావు, డబ్బులు వాడు చూస్తాడు, పిల్ల దాని చదువు అది చదువుకుంటుంది. ఈ ఇంట్లో నా పనేంటంటే ముక్కుందిలే అనుకునేదాన్ని. అదీ లేదంటే..." ఆగారు. "ఆ వాసన రాగానే ముక్కు తిరిగొచ్చిందనుకున్నాను, కంపు నిజంగా మిషన్‌దే అనుకున్నాను. ఒట్టు. తర్వాత తెలిసింది. అప్పటికే నోరు జారాను. మిషన్ మీద పెట్టేశాను. నీ మీద కాదు."

"మిషన్ కడిగేది నేనే కదా అత్తయ్యా."

మఫ్లరు పక్కన పెట్టేశారు.

"అవును" అన్నారు.

ఆ ఒక్క మాటే. నాకు ఇంకేమీ అక్కర్లేదనిపించింది.


మార్చి 20, శుక్రవారం

డాక్టరు దగ్గరికి వెళ్లాం. ముక్కు లోపలి నరాలు దెబ్బతిన్నాయట. అవి మళ్లీ మొలిచేటప్పుడు తప్పుడు కబుర్లు మోస్తాయట, అందుకే లేని వాసన. నెలలు పట్టొచ్చు, కొంతే రావచ్చు, రాకపోవచ్చు. రోజుకి రెండుసార్లు నాలుగు వాసనలు చూడమన్నాడు. లవంగం, నిమ్మతొక్క, సబ్బు, కాఫీ పొడి. వచ్చినా రాకపోయినా గుర్తు తెచ్చుకుంటూ పీల్చాలట.

బయటికొచ్చాక అత్తయ్య, "ఇరవై ఎనిమిదిన వెళ్తాను" అన్నారు.

"ఎలా అత్తయ్యా?"

"నువ్వు పక్కనుంటావు. నీ ముక్కు బానే ఉందిగా."


మార్చి 22, ఆదివారం

పిచ్చుకకి చెప్పేశాం. అది కాసేపు ఏడ్చి, తర్వాత పథకం అంతా తనే వేసింది. కంపెనీ గదిలో నేను అత్తయ్య పక్కన కూర్చుంటాను, ఆసరాకి వచ్చినట్టు. నేనూ ఒక చెంచా రుచి చూస్తాను. బల్ల కింద ఆవిడ మోకాలి మీద వేలితో తడతాను. ఒకటైతే మంచిది. రెండైతే పులిసింది. మూడైతే నిలవ వాసన. మిగతా వర్ణన అంతా ఆవిడ అనుభవం.

ఇది మోసం కాదు. సాయం.

అందుకని నాకు పాఠాలు మొదలయ్యాయి. బల్ల మీద ఆరు కప్పులు వరసగా. పొడి మీద వేడినీళ్లు పోసి, నాలుగు నిమిషాలాగి, పైన కట్టిన తెట్టుని చెంచాతో చీల్చి ముక్కు దగ్గరపెట్టాలి. తర్వాత చెంచాడు నోట్లోకి జుర్రుమని లాగాలి. పెద్ద చప్పుడుతో.

"సిగ్గుపడకు. పెళ్లిచూపుల్లో తాగినట్టు తాగితే రుచి తెలీదు. జుర్రు!"

జుర్రాను. పొలమారింది. పిచ్చుక కుర్చీలోంచి కింద పడింది నవ్వి నవ్వి.

"ఎలా ఉంది?"

"పుల్లగా."

"ఏ పులుపు? నాలుక అంచునా, గొంతు దగ్గరా? పండు పులుపా, పాడైన పులుపా? మింగాక ఉందా, పోయిందా?"

నాకు తెలియదన్నాను. ఇంకోసారన్నారు. ఆవిడ ప్రశ్న మీద ప్రశ్న వేస్తుంటే, నా నోట్లోనే ఉండి నాకు తెలియనివి ఒక్కొక్కటే బయటపడ్డాయి. ఆవిడకి ఆ మాడు నూనె తప్ప ఏ వాసనా రావట్లేదు. అయినా నా మాటల్లోంచి ఆ కాఫీని పట్టేసుకుంటున్నారు. "అయితే అవి కొండ మీది గింజలు. సరిగ్గా ఆరలేదు" అన్నారు ఒకదానికి. సంచి మీద చూస్తే అక్షరాలా కొండ గింజలే.

ఇరవై రెండేళ్లుగా ఒకే వంటింట్లో ఉన్నాం. ఆవిడ పని ఏమిటో ఈరోజే చూశాను. మామయ్యగారు ఉంటే ఏమనేవారో.


మార్చి 25, బుధవారం

ఆరుకి ఐదు సరిగ్గా చెప్పాను.

ఇది మోసం కాదు.


మార్చి 27, శుక్రవారం

ఆరుకి నాలుగు. రేపే. అత్తయ్య ఉద్యోగంలో ఉన్నప్పుడు కట్టుకున్న తెల్లటి పైకోటు ఇస్త్రీ చేసి ఇచ్చాను. భుజాల దగ్గర వదులైంది.


మార్చి 29, ఆదివారం

షాపుకి సెలవు. అందరూ బయటికెళ్లినట్టు ఇల్లు నిశ్శబ్దంగా ఉంది గానీ అత్తయ్యా పిచ్చుకా లోపలే ఉన్నారు. నిన్నటిది జరిగింది జరిగినట్టు రాస్తాను.

కంపెనీ గది పొడవైనది. తెల్ల గోడలు, ఒకవైపంతా కిటికీలు. బల్ల మీద ఏడు కప్పులు. గుమ్మంలోనే శిష్యురాలు ఎదురొచ్చి రెండు చేతులూ పట్టుకుంది. "ముక్కుగారొచ్చారు!" అని లోపలికి కేకేసింది. కొత్తగా చేరిన ముగ్గురూ లేచి నిలబడ్డారు. ఇద్దరు కుర్రాళ్లు, ఒకమ్మాయి. ఆ అమ్మాయి కళ్లద్దాలు ముక్కు చివరికి జారిపోతున్నాయి. వంచి బిగించాలని నా చేతులు కొట్టుకున్నాయి.

అత్తయ్య నన్ను పక్కన కూర్చోబెట్టుకుని మొదటి కప్పు మీదికి వంగారు. తెట్టు చీల్చారు. జుర్రుమని లాగారు. ఆ చప్పుడుకే గది సర్దుకుంది. నేనూ ఒక చెంచా తీసుకున్నాను. బాగుంది. మోకాలి మీద ఒక్కసారి తట్టాను. ఆవిడ మొదలుపెట్టారు: ఏ ఎత్తున పండింది, ఎన్నాళ్లు ఆరింది, వేయించినవాడు ఎక్కడ తొందరపడ్డాడు. ముగ్గురూ నోళ్లు తెరుచుకుని రాసుకున్నారు.

రెండో కప్పు. నాకు తేలలేదు. పులుపుంది. పండు పులుపా, పాడైన పులుపా? అత్తయ్య ఎదురుచూస్తున్నారు. అందరూ ఎదురుచూస్తున్నారు. ఒకసారి తట్టాను.

"ఇది కూడా మంచిదే. శుభ్రంగా ఉంది" అన్నారు అత్తయ్య.

ఎదురుగా ఆ అద్దాల అమ్మాయి అప్పటికే తన కాగితం మీద ఏదో రాసుకుని ఉంది. ఆ మాట వినగానే తలొంచుకుని, రాసింది మెల్లగా కొట్టేసింది.

అత్తయ్య చూశారు.

"ఏం కొట్టేశావమ్మా?"

"ఏం లేదు మేడమ్."

"చెప్పు."

"పులిసిన వాసన అనిపించింది మేడమ్. నేనే పొరపడి ఉంటాను. నాకింకా సరిగ్గా..."

అత్తయ్య చెంచా బల్ల మీద పెట్టారు. బల్ల కింద నా చెయ్యి పట్టుకున్నారు. ఒకసారి గట్టిగా నొక్కి, వదిలేశారు.

"నువ్వు పొరపడలేదు. నాకు ముక్కు పోయింది."

శిష్యురాలు నవ్వబోయి ఆగిపోయింది.

"నిజమే చెబుతున్నా. ఫిబ్రవరిలో జ్వరం వచ్చింది, దాంతో పోయింది. ఇందాక నేను చెప్పిందంతా నా కోడలి చేతి లెక్క మీద చెప్పాను. రాకుండా ఉండాల్సింది. మానుకోలేకపోయాను. మీ దగ్గర కూడా ముక్కుగారిలా లేకపోతే ఇంకెక్కడుంటానూ అనిపించింది." ఆవిడ నా వైపు తిరిగారు. "ఇంట్లో కూడా ఇదే పని చేశాను. శుభ్రంగా ఉన్న మిషన్‌కి కంపు అంటగట్టాను. ఇదిగో, ఈ పిల్ల నా మాట నమ్మి దాన్ని కడిగిందే కడిగింది. మిషన్ బాగుందని దాని ముక్కే దానికి చెబుతున్నా, నా మాట నమ్మింది. ఇప్పుడు నువ్వూ అదే చేశావు. సరిగ్గా రాసుకున్నది నా మాట విని కొట్టేశావు."

అద్దాల అమ్మాయి ఏడవడం మొదలుపెట్టింది. నేను కూడా.

"ఏడవకు. ముక్కు దిబ్బడేస్తే పని ఎలా చేస్తావు?" అన్నారు అత్తయ్య. ఎవరో ఫక్కుమన్నారు. ఆ నవ్వుతో గదికి ఊపిరొచ్చింది. "కొట్టేసింది మళ్లీ రాయి. ఏ పులుపు? ఎక్కడ తగిలింది? చెప్పు, నేను అడుగుతాను."

ఆ తర్వాత రెండు గంటలు. ఆవిడ ఒక్క కప్పు కూడా ముట్టుకోలేదు. ముగ్గురి చేతా జుర్రించారు, అడిగారు, వాదించారు, ఒకరి మాట ఇంకొకరు నమ్మబోతే కసిరారు. ఏడు కప్పుల్లో ఆరు ముగ్గురూ తేల్చారు. శిష్యురాలు గోడకానుకుని కళ్లు తుడుచుకుంటూ చూస్తూ నిలబడింది. మేం బయల్దేరేటప్పుడు, "ప్రతి నెలా రావాలి మీరు" అంది.

"ముక్కు లేకుండానా?"

"ముక్కున్నప్పుడు మీరు చెప్పేవారు, మేం రాసుకునేవాళ్లం. ఇంత ఎప్పుడూ అడగలేదు మమ్మల్ని."

అత్తయ్య ఆలోచించి, "నా కోడలిక్కూడా ఒక కుర్చీ వెయ్యండి. దానికి ఆరుకి నాలుగొస్తున్నాయి" అన్నారు.

బస్సులో ఆవిడ నా భుజం మీద తల పెట్టుకుని నిద్రపోయారు. ఈ ఇరవై రెండేళ్లలో మొదటిసారి.


ఏప్రిల్ 3, శుక్రవారం

మా ఆయన తిరిగొచ్చారు. అత్తయ్యే అంతా చెప్పారు. ఆయన నా దగ్గరికొచ్చి, "నువ్వొక్కదానివే పడ్డావా ఇదంతా?" అన్నారు. పడలేదన్నాను. నిజమే చెప్పానో లేదో నాకే తెలియదు.

పొద్దునా సాయంత్రం డాక్టరు చెప్పిన నాలుగు వాసనల సీసాలు. లవంగం వస్తున్నట్టే ఉందన్నారు, లేదన్నారు. సబ్బు అసలు లేదు. కాఫీ పొడి దగ్గర మొహం తిప్పుకుంటారు, అయినా పీలుస్తారు.


ఏప్రిల్ 12, ఆదివారం

ఈ పుస్తకంలో ఇంకో పేజీయే ఉంది.

పొద్దున్న మిషన్ ముందు నిలబడి అత్తయ్యకి వేడినీళ్లు కాస్తుంటే వెనక నుంచి, "నాక్కూడా కాఫీ పెట్టు" అన్నారు.

"మీకు కంపు కొడుతుందిగా అత్తయ్యా?"

"కొడుతుంది. వేడిగా ఉంటుందిగా. నాలుక ఉందిగా. నువ్వు పెట్టు."

కొత్త గింజల సంచి విప్పి చేశాను. రెండు కప్పులు. ముందు నేను తాగాను. ఆవిడ తన కప్పు ముట్టుకోకుండా నా మొహం వైపే చూస్తున్నారు.

"ఎలా ఉంది?" అన్నారు.

ఈ ఇంట్లో ఆ మాట ఎప్పుడూ నేనే అడిగేదాన్ని. నోట్లో కాఫీ పెట్టుకుని ఆలోచించాను. మింగాక కూడా నాలుక వెనక ఏదో మిగిలింది. చేదు కాదు. మసి.

"బాగాలేదత్తయ్యా. గింజలు ఎక్కువ వేయించారు."

"ఖాయమా?"

"ఖాయం."

"అయితే పారబొయ్యి."

రెండూ పారబోశాను. పాత సంచిలో మిగిలిన గింజలు మర పట్టి, మళ్లీ చేశాను. తాగి చూశాను.

"ఇది బాగుంది" అన్నాను.

ఆవిడ కప్పు అందుకుని, కళ్లు మూసుకుని, చివరి గుక్క దాకా తాగారు.